ఓటీ అంటే ఆపరేషన్ థియేటర్ కాదు: థెరపీ అసిస్టెంట్ పని ఆన్‌లైన్‌లో నేర్చుకోవాలంటే

"అక్కా, ఓటీ అసిస్టెంట్ కోర్సుకి డబ్బు కట్టేశా, అంతా ఆన్‌లైనే, బెంగళూరులో మీ థెరపీ సెంటర్లో ఖాళీ ఉంటే చెప్పు" అని మా పిన్ని కూతురు కదిరి నుంచి మెసేజ్ పెట్టింది. సిలబస్ పంపమన్నా. చూస్తే ఫోర్‌సెప్స్, స్టెరిలైజేషన్, మత్తు మెషీన్ల గురించి ఉంది. అది ఆపరేషన్ థియేటర్ కోర్సు, మా సెంటర్లో ఓటీ అంటే ఆక్యుపేషనల్ థెరపీ. పాపం దాని తప్పు కూడా కాదు, మన ఆస్పత్రుల్లో ఓటీ అంటే అందరికీ థియేటరే, గూగుల్‌లో కొట్టినా ముందు అవే వస్తాయి. కట్టిన డబ్బు మాత్రం వాళ్ళు వెనక్కివ్వలేదు. అందుకని వెతికేటప్పుడు బద్ధకించకుండా ఆక్యుపేషనల్ థెరపీ అని పూర్తిగా టైప్ చేయండి.

పని ఏమిటో ముందు తెలియాలి కదా. పక్షవాతం వచ్చిన పెద్దాయన తన చొక్కా గుండీలు మళ్ళీ తనే పెట్టుకోవాలి, చెయ్యి వణికే అవ్వ ముద్ద నోటిదాకా తెచ్చుకోవాలి, ఆటిజం ఉన్న పిల్లాడు బడిలో పక్కవాళ్ళతో కలిసి కూర్చోగలగాలి. ఈ రోజువారీ పనులు చేసుకోగలిగేలా తీర్చడమే ఆక్యుపేషనల్ థెరపీ. ఎవరికి ఏ వ్యాయామం, ఎన్నిసార్లు అనేది థెరపిస్ట్ చెబుతారు. అసిస్టెంట్‌గా మీరు చాప పరుస్తారు, బంతులూ, చిన్న పుల్లలు గుచ్చే పెగ్ బోర్డులూ తుడిచి పెడతారు, పేషెంట్‌ని వీల్‌చైర్‌లో తెస్తారు, చేసేటప్పుడు పడిపోకుండా పట్టుకుంటారు, ఏం జరిగిందో థెరపిస్ట్‌కి చెబుతారు. సొంతంగా వ్యాయామం మార్చడం మన పని కాదు, ఎంత అనుభవం వచ్చినా సరే.

ఆన్‌లైన్‌లో దొరికే వీడియోలు చాలావరకు అమెరికావి. అక్కడ ఎయిడ్ వేరు, అసిస్టెంట్ వేరు. ఎయిడ్‌కి హైస్కూల్ చదువు ఉంటే చాలు, మిగతాది ఎక్కువగా పనిలోనే నేర్పుతారు. అసిస్టెంట్ కావాలంటే గుర్తింపు ఉన్న కాలేజీలో మామూలుగా రెండేళ్ళు చదివి, జాతీయ పరీక్ష పాసై, లైసెన్స్ తెచ్చుకోవాలి. మన దగ్గర ఎయిడ్ పనినే అసిస్టెంట్ అనేస్తాం, దాంతో ఒకటే గందరగోళం. అక్కడి బిల్లింగ్, ఇన్సూరెన్స్ పాఠాలు వదిలేయండి, పేషెంట్‌ని ఎలా పట్టుకోవాలి అనేవి మాత్రం చూడండి, మనిషి శరీరం ఎక్కడైనా ఒకటే.

ఇక్కడ థెరపిస్ట్ అనిపించుకోవాలంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళకు పైగా డిగ్రీ చదవాలి. ఈ వృత్తి, ఇలాంటి వైద్య సహాయక వృత్తుల కోసం 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం కిందకి వస్తుంది. కాబట్టి మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుతో థెరపిస్ట్ సర్టిఫికెట్ ఇస్తామని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: పేషెంట్ల మధ్య ప్రాక్టికల్ ఎన్ని రోజులు, ఏ ఊళ్ళో, ఏ సెంటర్లో? పేరు చెప్పకుండా "అరేంజ్ చేస్తాం మేడమ్" అన్నారంటే ఉండదనే లెక్క.

అసలు మొదటి నెల పైసా ఖర్చు పెట్టొద్దు. కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కోర్సులు చూడటం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. అందులో శరీర నిర్మాణం, సైకాలజీ లాంటివి చూసుకోండి. చేతులు కడుక్కోవడం కూడా నేర్చుకోవాలా అనుకోకండి, సబ్బుతో మొత్తం 40 నుంచి 60 సెకన్లు పట్టాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంది, గడియారం పెట్టుకుని కడిగి చూడండి, మనం రోజూ ఎంత మోసం చేస్తున్నామో తెలుస్తుంది. సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం, మాత్రం వీడియోతో రాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని తెలియడం వేరు, బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కేసరికి చేతులు నొప్పెట్టడం వేరు. రెడ్ క్రాస్ లాంటి వాళ్ళ ఫస్ట్ ఎయిడ్ క్లాసుకి నేరుగా వెళ్ళండి.

ఇక అసలు విద్య, మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చడం. ఇంట్లోనో పీజీలోనో రూమ్మేట్‌ని పేషెంట్‌లా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయండి, నిజం పేషెంట్ మీద మాత్రం మొదటిసారి ఒంటరిగా చేయొద్దు. వీల్‌చైర్‌ని ఆ మనిషికి బలంగా ఉన్న వైపు, మంచానికి ఆనించి కొంచెం ఏటవాలుగా పెట్టాలి. రెండు బ్రేకులూ వేయాలి, కాళ్ళు పెట్టుకునే పలకలు పైకి తీయాలి. నేను చేరిన కొత్తలో ఒక బ్రేకే వేసి ఒకాయన్ని దాదాపు నేల మీద కూర్చోబెట్టాను, థెరపిస్ట్ మేడమ్ పట్టుకోబట్టి సరిపోయింది, ఇప్పటికీ బ్రేకు రెండుసార్లు తడిమి చూస్తా. తర్వాత ఆయన్ని మంచం అంచుకి జరిపి, పాదాలు నేలకి ఆనేలా చూసి, బలహీనంగా ఉన్న మోకాలికి మీ మోకాలు అడ్డుపెట్టాలి. మీ పట్టు ఆయన నడుముకి కట్టిన బెల్టు మీద ఉండాలి, చంకల కింద కాదు. ముందుకి వంగమని చెప్పాలి, వంగితేనే పైకి లేవడం సులువు. మీరు మోకాళ్ళు వంచండి, నడుము కాదు. పక్షవాతం వచ్చిన చెయ్యి పట్టుకుని ఎప్పుడూ లాగకండి, చాలామందికి అక్కడ కండరం వదులైపోయి ఉంటుంది, భుజం కీలు జారొచ్చు. ఇంటివాళ్ళు ప్రేమతో చేసే పెద్ద పొరపాటు ఇదే.

బట్టలు తొడిగేటప్పుడు బలహీనమైన చెయ్యి ముందు, విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. మీ ఒక చెయ్యి బిగదీసుకుని చొక్కా వేసుకుని చూడండి, ఎందుకో అర్థమవుతుంది.

ఈ మాత్రం వచ్చాక బయటికి వెళ్ళాలి. బెంగళూరులో లింగరాజపురంలో ఏపీడీ (అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిసెబిలిటీ) ఉంది, 1959 నుంచి వికలాంగుల కోసం పనిచేస్తోంది. ఇందిరానగర్‌లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక ఉంది. ఇలాంటి చోట్లా, మీ ఏరియాలోని పిల్లల థెరపీ సెంటర్లలోనూ వాలంటీర్‌గా కొన్నాళ్ళు రావచ్చా అని అడగండి. ఒకరు కాదంటే ఇంకొకరు. ఉద్యోగాలు వెతికేటప్పుడు రీహాబ్ అసిస్టెంట్, థెరపీ అసిస్టెంట్ అని కూడా కొట్టండి. చేరే ముందు పని వివరం రాసి ఇమ్మనండి, కొన్ని చోట్ల ఈ పేరుతో తీసుకుని ఆయా పని మొత్తం మీదే వేస్తారు.

భాష సంగతి. మారతహళ్ళి, కేఆర్ పురం వైపు తెలుగుతో నెట్టుకురావచ్చు కానీ పేషెంట్‌కి నొప్పి పుట్టినప్పుడు ఆయన భాషలోనే అరుస్తాడు. కన్నడంలో "నోవు ఇదెయా" అంటే నొప్పి ఉందా అని, "ఎద్దేళి" అంటే లేవండి, "హిడ్కొళ్ళి" అంటే పట్టుకోండి, "కూతుకొళ్ళి" అంటే కూర్చోండి. నిదానం అనే మాట మనకీ వాళ్ళకీ ఒకటే. ఈ నాలుగు మాటలతో మొదటి వారం గడిచిపోతుంది, మిగతా కన్నడం పేషెంట్లే నేర్పుతారు.

ఇంటర్వ్యూకి గోళ్ళు కత్తిరించుకుని, గాజులూ ఉంగరాలూ తీసేసి, జారిపోయే చున్నీ లేకుండా, వెనక పట్టీ ఉన్న చెప్పులో బూట్లో వేసుకుని వెళ్ళండి. ఫైల్లో సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నాయని మమ్మల్ని ఎవరూ పెద్దగా అడగలేదు, ఆ మూల ఉన్న వీల్‌చైర్ తెచ్చి మంచం పక్కన పెట్టమన్నారు, అంతే.