చెన్నై తెలుగువారి జీవితాలను వారి మాటల్లోనే రాయడం: ఎలెనా పోనియాతోవ్‌స్కా చూపిన దారి

చెన్నైలో తరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా తెలుగు చదవడం రాని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వీధులు ఊడ్చే కార్మికుల్లోనూ అలాంటివారు ఎందరో. వారి జీవితకథలను పుస్తకంగా తేవాలనుకునేవారు మెక్సికో పాత్రికేయురాలు, రచయిత్రి ఎలెనా పోనియాతోవ్‌స్కా పనితీరును ముందుగా తెలుసుకోవడం మంచిది. 1932లో పారిస్‌లో, పోలండ్ రాజవంశీకుడైన తండ్రికీ మెక్సికో కుటుంబానికి చెందిన తల్లికీ పుట్టిన ఆమె, రెండో ప్రపంచ యుద్ధకాలంలో మెక్సికో చేరి, ఇంటి పనివారి నోట విని స్పానిష్ నేర్చుకున్నారు. 1953లో ఎక్సెల్సియోర్ పత్రికకు ఇంటర్వ్యూలు రాస్తూ వృత్తిలోకి వచ్చారు.

మొదట ఒక్కరినే ఎంచుకొని, వారికి తీరిక ఉన్న రోజునే ప్రతివారం వెళ్లండి. తెల్లవారుజామున పనికి వెళ్లే మనిషిని మధ్యాహ్నం కునుకు వేళ కదిలించకూడదు. బట్టలుతికి బతికే ఒక వృద్ధురాలి దగ్గరికి ఎలెనా బుధవారం బుధవారం వెళ్లేవారు. టేప్ రికార్డర్‌కు తన ఇంటి కరెంటు ఖర్చవుతోందని ఆవిడ విసుక్కున్నారట. కాబట్టి ఫోన్‌లో రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. వద్దంటే, ఇంటికి చేరగానే, మాటల వరుస చెదరకముందే రాసిపెట్టుకోండి. మధ్యలో దొర్లే తమిళ పదాలను దిద్దకండి. గ్రాంథికం చేసిన మరుక్షణం అది మీ గొంతు అవుతుంది.

ఆ సంభాషణల నుంచి 1969లో వచ్చిన నవలలో ఆ వృద్ధురాలు హెసూసా పలాంకారెస్ అనే పాత్ర అయింది. పేరు మార్చడం రక్షణ కోసం మనకూ అవసరమే. అయితే కథనాన్ని కత్తిరించి, కల్పన జోడించినప్పుడు దాన్ని నవల అనే చెప్పాలి, వాంగ్మూలమని చెప్పకూడదు. ఈ విషయంలో నేను రాజీపడను.

అందరినీ తాకిన సంఘటనకు ఒక్క గొంతు చాలదు. 1968 అక్టోబరు 2న, ఒలింపిక్స్‌కు పది రోజుల ముందు, మెక్సికో నగరంలోని త్లతెలోల్కో కూడలిలో విద్యార్థులపై సైన్యం కాల్పులు జరిపింది. విద్యార్థులు, తల్లులు, ఖైదీలు చెప్పిన ముక్కలను ఎలెనా 1971లో పక్కపక్కనే పేర్చి ప్రచురించారు. తన వ్యాఖ్యానాన్ని వీలైనంత తగ్గించారు. ఆ పుస్తకానికి బహుమతి ఇవ్వబోతే, చనిపోయినవారికి ఎవరు బహుమతి ఇస్తారని అడిగి తిరస్కరించారు. 1985లో మెక్సికో నగరాన్ని కుదిపిన భూకంపంపైనా ఇలాగే జనం మాటలు సేకరించారు. 2013లో స్పానిష్ సాహిత్యంలో అత్యున్నతమైన సెర్వాంతెస్ పురస్కారం ఆమెను వరించింది.

2015 డిసెంబరులో చెన్నైలో అడయారు నది పొంగినప్పటి సంగతులను సైదాపేటలో సేకరించాలంటే, “ఎలా అనిపించింది?” అని అడగకండి. నీళ్లు ఎన్నింటికి గుమ్మం దాటాయి, ముందుగా ఏ సామాను పైకెత్తారు, పిల్లలను ఎవరు ఎత్తుకున్నారు అని అడగండి. పక్కింటివారి లెక్క వేరుగా ఉంటే రెండూ ఉంచండి. సర్దిచెప్పే పని పెట్టుకోవద్దు.

ముద్రణకు ముందు ప్రతిని వారి ఎదుట బిగ్గరగా చదవండి. చదవడం రానివారికి కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం అనుమతి అనిపించుకోదు. ఏ భాగం తీసేయమంటే దాన్ని తీసేసి, మిగిలినదాన్ని మరోసారి వినిపించిన తర్వాతే అచ్చుకు పంపండి.