నట్టల మందు తాగించే ముందు ఇవి చూసుకోండి

వానలు పడి పచ్చిక మొలిచిందంటే గొర్రెలు, మేకల్లో నట్టలు (కడుపులో పురుగులు) పెరిగే కాలం వచ్చినట్టే. వెచ్చదనం, తేమ కలిస్తే పెంటికల్లోని గుడ్లు సుమారు వారంలోనే పిల్ల పురుగులై గడ్డి మీదికి పాకుతాయి. ఎండలు ముదిరితే చాలావరకు చస్తాయి. అందుకే వానల ముందు, వానల మధ్యలో జాగ్రత్త పడాలి.

- వీలైతే ముందు పెంటికలు పరీక్ష చేయించండి. ఏ రకం పురుగో తెలియకుండా మందు కొనడం డబ్బు దండగ.

- కింది కనురెప్ప తిప్పి చూడండి. ఎర్రగా ఉంటే పర్లేదు, తెల్లబడితే హీమాంకస్ అనే పురుగు రక్తం పీలుస్తుండవచ్చు. దీనికి పారుడు ఉండాలని లేదు, దవడ కింద నీరు దిగినా అనుమానించాల్సిందే, నేనైతే అన్నిటికంటే ఈ కనురెప్ప చూపునే ఎక్కువ నమ్ముతాను.

- బరువు తూచండి, కంటి అంచనా వద్దు. తక్కువ మోతాదు పడితే పురుగులు మందుకు అలవాటుపడి మొండికేస్తాయి, మళ్లీ అదే మందు పనిచేయదు. గొర్రె మోతాదు మేకకు చాలకపోవచ్చు, అలాగని లెవామిసోల్ లాంటి నట్టల మందు ఇష్టమొచ్చినట్టు పెంచితే ప్రాణం మీదికొస్తుంది. డాక్టర్‌ని అడిగే పెంచండి.

- చూలు మొదటి నెలలో ఉంటే ఆల్బెండజోల్ అనే నట్టల మందు వద్దు.

- తల మరీ ఎత్తకుండా, నాలుక వెనక్కి మెల్లగా పోయండి. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది.

- పాలు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో లేబుల్ చూడండి.

10-14 రోజులకు మళ్లీ పెంటికలు చూపించండి, మందు పనిచేసిందో లేదో అప్పుడే తెలుస్తుంది.