మన సంచి మనమే కుట్టుకుందాం – 3వ పాఠం: హ్యాండిల్ ఊడని సంచి

కిందటి పాఠంలో కత్తిరించి పెట్టుకున్న ముక్కలు తీసి ముందు పెట్టుకోండి. సంచి ఒంటికి 17¼ అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవున్న ముక్క ఒకటి. హ్యాండిల్స్‌కి 4 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవున్న పట్టీలు రెండు. ఈ రోజు వీటిని సంచిగా మారుస్తాం.

ఈ పాఠం నుంచే మొదలుపెడుతున్నవాళ్ళ కోసం రెండు మాటలు. 36 అంగుళాల పన్నా ఉన్న కాటన్ గుడ్డ ఒక మీటరు ఉంటే ఇవన్నీ అందులోనే వచ్చేస్తాయి. కత్తిరించే ముందు గుడ్డని నీళ్ళలో బాగా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. కొత్త కాటన్ మొదటి ఉతుకుకి నూటికి 3 నుంచి 5 వంతుల దాకా కుంచించుకుపోవడం మామూలే. మీటరు గుడ్డ 5 వంతులు తగ్గినా 37 అంగుళాల పైనే మిగులుతుంది కాబట్టి మన కొలతకి లోటు రాదు. కుట్టేశాక కుంచించుకుంటేనే ఇబ్బంది. పడుగు (నిలువు పోగులు) ఒక లెక్కన, పేక (అడ్డ పోగులు) ఒక లెక్కన తగ్గుతాయి, సంచి వంకర తిరుగుతుంది.

పాఠంలోకి వెళ్ళే ముందు నా మొదటి సంచి సంగతి చెప్పాలి. చాలా ఇష్టంగా కుట్టాను. హ్యాండిల్ ఊడకూడదని చివర్లలో ఒకే గీత మీద నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ కుట్టాను. వారం తిరక్కుండానే, పుస్తకాలు వేసుకుని మెట్లు ఎక్కుతుంటే ఒక హ్యాండిల్ చేతిలో ఉండిపోయింది, సంచి కింద పడింది. ఇంటికి తెచ్చి వెలుతురులో చూశాను. దారం ఒక్క పోగు కూడా తెగలేదు. తెగింది గుడ్డ! కుట్టు వేసిన చోట సన్నటి చీలిక, దాని అంచున వరసగా సూది చిల్లులు. తపాలా బిళ్ళల షీటు మీద చింపుకోవడానికి చిల్లులు వేసి ఉంటాయి చూడండి, అచ్చంగా అలాగే గుడ్డని నేనే తయారుచేసి పెట్టాను.

ఆ రోజు అర్థమైన విషయం మీదే ఈ పాఠమంతా నడుస్తుంది. సంచిలో బరువు మోసేది గుడ్డ. ఆ బరువుని ఒక్క గీత మీద పడేయకుండా వీలైనంత ఎక్కువ గుడ్డకి పంచడమే కుట్టు పని. సంచిలో 8 కిలోలు వేస్తే, హ్యాండిల్స్ నాలుగు చివర్లకీ తలా 2 కిలోలు వస్తాయి. అదీ కదలకుండా నిలబడి ఉంటేనే. నడుస్తుంటే, మెట్లు దిగుతుంటే సంచి ఊగుతుంది, ప్రతి అడుగుకీ ఆ చివర్ల మీద ఇంకాస్త గట్టిగా లాగుడు పడుతుంది.

పక్క కుట్లు

పెద్ద ముక్కని పొడవులో సగానికి మడవండి. ఇప్పుడు 18 అంగుళాల ఎత్తు వచ్చింది, మడత సంచి అడుగవుతుంది. అడుగున కుట్టు లేకుండా ఒకే గుడ్డ తిప్పడం నాకు బాగా నచ్చిన పద్ధతి, ఎందుకంటే బరువంతా కూర్చునే చోట ఊడిపోవడానికి అసలు కుట్టే ఉండదు. ఒకటే చిక్కు: గుడ్డ మీద బొమ్మలు ఒకే దిక్కుకి ఉంటే ఒక వైపు నిటారుగా, రెండో వైపు తలకిందులుగా కనిపిస్తాయి. చిన్న పువ్వులు, గళ్ళు, చారలు అయితే ఈ బాధ లేదు. అడుగు మడత మీద ఇస్త్రీ గట్టిగా నొక్కండి, ఆ గీతతో తర్వాత పనుంది.

పక్కలకి ఫ్రెంచ్ సీమ్ వేద్దాం. పేరు విని టెన్షన్ పడొద్దు, ఒకే చోట రెండు సార్లు కుట్టడమే. మొదట గుడ్డ మంచి వైపు బయటికి కనిపించేలా పెట్టి, అంచు నుంచి పావు అంగుళం లోపలికి కుట్టండి. బయటికి పొడుచుకొచ్చిన పోగులు కత్తిరించేయండి. సంచిని లోపలి వైపుకి తిప్పి, కుట్టిన అంచుని వేళ్ళతో పట్టి లాగి, ఇస్త్రీ చేసి, ఈసారి ⅜ అంగుళం దూరంలో మళ్ళీ కుట్టండి. కత్తిరించిన అంచు ఆ రెండు కుట్ల మధ్య దాక్కుంటుంది. ఒక్కో పక్కకి పట్టేది పావు, ⅜ కలిపి ⅝ అంగుళం. అందుకే 16 అంగుళాల సంచికి 17¼ కత్తిరించాం.

కుట్టు పొడవు 2.5 మిల్లీమీటర్ల దగ్గర పెట్టుకోండి, అంటే అంగుళానికి దాదాపు 10 కుట్లు. సన్నగా కుడితే గట్టిగా ఉంటుందని చాలామంది 1.5కి దించేస్తారు. చిల్లుల షీటు కథ మొదలయ్యేది అక్కడే.

మిషన్ లేనివాళ్ళు చేత్తో బ్యాక్ స్టిచ్ వేయండి. సూదిని ముందుకి తీసి, పాత కుట్టు చివరి చిల్లులోకి వెనక్కి వచ్చి గుచ్చి, రెండింతలు ముందుకి తీయడం. ఆలస్యమవుతుంది గానీ, శ్రద్ధగా వేస్తే సంచికి చక్కగా సరిపోతుంది.

అడుగు మూలలు

సంచి లోపలి వైపు బయటికి ఉండగానే ఒక మూల పట్టుకుని, పక్క కుట్టు వచ్చి అడుగున ఇస్త్రీ చేసిన గీత మీద సరిగ్గా కూర్చునేలా నొక్కండి. మూల త్రికోణంగా అవుతుంది. కొస నుంచి కుట్టు వెంబడి 2 అంగుళాలు కొలిచి, అక్కడ అడ్డంగా గీత గీయండి. ఆ గీత పొడవు 4 అంగుళాలు రావాలి. వస్తే మూల సరిగ్గా పట్టుకున్నట్టే. గీత మీద రెండు వరసలు కుట్టండి, రెండో వరస కొసవైపు పావు అంగుళం ఎడంగా. రెండో మూల కూడా అంతే.

త్రికోణాన్ని కత్తిరించాలా అంటే, నేను కత్తిరించను. అడుగువైపుకి మడిచి, కొసని నాలుగు చేతి కుట్లతో అక్కడే పట్టిస్తాను. మూలకి ఇంకో పొర దొరుకుతుంది. ఇప్పుడు సంచి నిలబెడితే 12 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల లోతుతో అడుగు పరుచుకుంటుంది.

హ్యాండిల్స్

పట్టీని నిలువునా, వెడల్పు సగమయ్యేలా మడిచి ఇస్త్రీ చేయండి, విప్పండి. రెండు అంచులూ ఆ నడిమి గీత దగ్గరికి తెచ్చి మళ్ళీ ఇస్త్రీ, ఆ పైన మొత్తాన్ని సగానికి మడవండి. నాలుగు పొరలతో 1 అంగుళం పట్టీ తయారు. రెండు అంచుల వెంబడీ ⅛ అంగుళం లోపలికి, 3 మిల్లీమీటర్ల కుట్టుతో కుట్టండి. రెండు వరసలూ ఒకే చివర నుంచి మొదలుపెట్టండి. ఒకటి పైకీ ఒకటి కిందికీ కుడితే పై పొర ఒకసారి ఇటు, ఒకసారి అటు జరిగి పట్టీ మెలికపడ్డట్టు ముడతలు తేలుతుంది.

పట్టీలని పడుగు వెంబడే, అంటే గుడ్డ అంచుకి సమాంతరంగా కత్తిరించమన్నది గుర్తుందా? మగ్గం మీద పడుగు పోగులు బిగించి ఉంటాయి కాబట్టి నేశాక ఆ దిక్కున గుడ్డ తక్కువ సాగుతుంది. ఏటవాలుగా కత్తిరించిన పట్టీ మాత్రం బరువు పడ్డకొద్దీ సాగి సన్నబడుతుంది. మీ పట్టీ ఎలా ఉందో తెలియాలంటే రెండు చేతులతో పట్టి లాగి చూడండి. రబ్బరులా వస్తే పక్కన పెట్టేసి ఇంకోటి కత్తిరించండి.

ఇప్పుడు సంచి మూతి. అంచుని లోపలికి అర అంగుళం మడిచి ఇస్త్రీ, మళ్ళీ 1½ అంగుళాలు మడిచి ఇస్త్రీ. ఇంకా కుట్టొద్దు. పక్క కుట్ల నుంచి 4 అంగుళాల దూరంలో సుద్దతో గుర్తులు పెట్టండి, ముందు వైపు రెండు, వెనక రెండు. హ్యాండిల్ వెడల్పులో నడుమ ఆ గుర్తు మీదికి రావాలి. హ్యాండిల్ చివరని మడత కిందికి దూర్చి, లోపలి అంచుకి తగిలేదాకా పైకి నెట్టి గుండుసూది గుచ్చండి. హ్యాండిల్ మిగతా భాగం సంచి లోపలికి కిందికి వేలాడుతూ ఉంటుంది. రెండో చివర గుచ్చే ముందు పట్టీ మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా నడిపించండి. వేలు అటు తిరిగి ఇటు వచ్చిందంటే మెలిక పడినట్టే. కుట్టాక తెలిస్తే విప్పడానికి అరగంట పడుతుంది.

మడత కింది అంచు వెంబడి, ⅛ అంగుళం లోపలికి, సంచి చుట్టూ ఒక వరస కుట్టండి. ఆ తర్వాత హ్యాండిల్‌ని పైకి తిప్పి, మూతి మడత మీద చదునుగా పరిచి గుండుసూదితో పట్టించండి.

ఇక్కడ కాస్త ఆగి పొరలు లెక్కపెట్టండి. సంచి గుడ్డ ఒకటి, మూతి మడత ఒకటి, లోపల దూర్చిన హ్యాండిల్ చివర నాలుగు, పైకి తిప్పిన హ్యాండిల్ నాలుగు. మొత్తం పది. మొదట మడిచిన అర అంగుళం మేర ఇంకొకటి ఎక్కువ. ఇంట్లో మిషన్ దీన్ని కుట్టగలదు గానీ తొందరపెడితే సూది విరుగుతుంది. 16 నంబరు సూది, పాలిస్టర్ దారం వేసుకోండి. మోటారు వదిలేసి చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కో కుట్టూ దించండి. పొరల గట్టు ఎక్కేటప్పుడు ఫుట్ (గుడ్డని నొక్కి పట్టే మిషన్ పాదం) ముందుభాగం పైకి లేచి మిషన్ ఉన్నచోటే గుచ్చుతూ ఉంటే, నాలుగు మడతలు వేసిన గుడ్డ పీలిక ఒకటి ఫుట్ వెనకభాగం కింద పెట్టండి. ఫుట్ సమంగా నిలిచి గుడ్డ కదులుతుంది. మరీ మందంగా ఉండే జీన్స్ గుడ్డకైతే ఈ పది పొరల జోలికి పోకుండా అంగుళం వెడల్పు నవారు తెచ్చుకుని హ్యాండిల్స్‌గా వాడమనే నా సలహా.

కుట్టాల్సింది ఒక పెట్టె, దాని లోపల ఒక ఇంటూ (×) గుర్తు. పెట్టె వెడల్పు ¾ అంగుళం, ఎత్తు 1¼ అంగుళాలు. ముందు సుద్దతో గీసుకోండి. కింది ఎడమ మూల నుంచి మొదలుపెట్టి కింది గీత మీదుగా కుడికి, కుడి పక్కన పైకి, పై గీత మీదుగా ఎడమకి, ఎడమ పక్కన కిందికి రండి. పెట్టె పూర్తయింది. దారం తెంపకుండా అక్కడి నుంచి ఏటవాలుగా పై కుడి మూలకి వెళ్ళండి, పై గీత మీదుగా మళ్ళీ ఎడమ మూలకి, అక్కడి నుంచి ఏటవాలుగా కింది కుడి మూలకి. ప్రతి మలుపులోనూ సూది గుడ్డలో దిగి ఉండగానే ఫుట్ ఎత్తి గుడ్డని తిప్పాలి. ఈ దారిలో పై గీత ఒక్కటే రెండు సార్లు వస్తుంది. హ్యాండిల్ పైకి లాగినప్పుడు బరువు ముందుగా పడేది కూడా ఆ గీత మీదే. అక్కడి నుంచి ఏటవాలు కుట్లు, పక్క కుట్లు ఆ బరువుని పెట్టె మొత్తానికి పంచుతాయి. నా మొదటి సంచిలో లేనిది ఇదే.

ఒక సంచికి ఇంత శ్రమ దేనికి అనిపించవచ్చు. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ 2011లో వెలువరించిన నివేదిక ప్రకారం, భూమిని వేడెక్కించే విషయంలో ఒక కాటన్ సంచి ఒక్కసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే దాన్ని 131 సార్లు వాడాలి. పత్తి పండించి, వడికి, నేయడానికి అంత ఖర్చవుతుంది. పదోసారికే హ్యాండిల్ ఊడి మూలన పడిన గుడ్డ సంచి వల్ల మేలు లేదు. వీలైతే మొదటి సంచికి పాత దుప్పటి, పాత పరదా గుడ్డ వాడమన్నది కూడా అందుకే. చివికిపోని చోటు చూసుకుని కత్తిరించండి.

కుట్టు అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తుంటే కింది దారం చుట్టి ఉండే బాబిన్‌ని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు పై దారానిది. ఫుట్ కిందికి ఉండగా దారం ఎక్కిస్తే అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి దిగదు. ఫుట్ పైకెత్తి మొదటి నుంచి మళ్ళీ ఎక్కించండి.

ఇంటిపని: నాలుగు పెట్టెలూ కుట్టాక సంచిలో 5 కిలోల పుస్తకాలు వేసి రాత్రంతా కొక్కేనికి తగిలించి ఉంచండి. పొద్దున తీసి, పెట్టె పై గీత దగ్గర సూది చిల్లులని వెలుతురుకి పెట్టి చూడండి. చిల్లులు గుండ్రంగానే ఉంటే మంచి సంచి వచ్చినట్టు. నిలువుగా సాగి కనిపిస్తే గుడ్డ పలుచనిదని అర్థం. లోపలివైపు 2 అంగుళాల చదరపు గుడ్డముక్క ఆనించి, దాని మీదుగా అదే పెట్టె మరోసారి కుట్టండి, పాత చిల్లుల మీద కాకుండా కాస్త ఎడంగా.

హ్యాండిల్స్ పోను మిగిలిన గుడ్డ పారేయకండి. వచ్చే పాఠంలో దానితోనే లోపలి జేబు కుడదాం.