టెక్సాస్ పబ్లిక్ స్కూల్లో చేర్చేటప్పుడు: టీకాల కాగితం, మందుల ఫారం, జ్వరం సెలవులు

మా వాణ్ణి స్కూల్లో చేర్చిన రోజు ఇంటి లీజు, పాస్‌పోర్టు, పాత స్కూలు మార్కుల కాగితం పది నిమిషాల్లో తేలిపోయాయి. పని ఆగింది టీకాల పుస్తకం దగ్గర. వాడు పుట్టింది 2018 ఆగస్టు 12న. తట్టు, గవదబిళ్ళల టీకా ఎదురుగా మన డాక్టరుగారి చేతిరాతలో 05-11-2019 అని ఉంది. మనకది నవంబరు 5. నర్సమ్మ చదివింది మే 11. 'మొదటి పుట్టినరోజుకి ముందే వేశారు కాబట్టి ఈ డోసు చెల్లదు' అంది. అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత రాస్తారని మనకి తెలియక కాదు, ఆ పుస్తకం అలా చదువుతారన్న ఆలోచనే రాలేదు. హైదరాబాదుకి ఫోను చేసి కొత్త కాగితం తెప్పించుకునేసరికి వారం పోయింది.

అందుకే విమానం ఎక్కక ముందే ఒక పని చేయించుకోండి. పిల్లల డాక్టరు లెటర్‌హెడ్ మీద వేసిన డోసులన్నీ ఇంగ్లీషులో టైపు చేయించి, నెల పేరు అక్షరాల్లో రాయించి, సంతకం, స్టాంపు వేయించుకోండి. టెక్సాస్ నిబంధన ప్రకారం ప్రతి డోసుకీ రోజు, నెల, సంవత్సరం మూడూ ఉండాలి. బ్రాండు పేరు ఒక్కటే ఉంటే చాలదు, లోపల ఏ టీకాలున్నాయో పక్కన రాయించాలి. పెంటాక్సిమ్‌లో హెపటైటిస్ బి ఉండదు, హెక్సాక్సిమ్‌లో ఉంటుంది. ఆ తేడా ఇక్కడి నర్సుకి తెలియాలని లేదు.

ఇక ఏమేం అడుగుతారంటే, కిండర్‌గార్టెన్‌లో చేరే పిల్లలకి కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు కలిపిన టీకా 5 డోసులు (నాలుగోది నాలుగో పుట్టినరోజు తర్వాత పడితే 4 చాలు), పోలియో 4 (మూడోది నాలుగేళ్ళు దాటాక పడితే 3), తట్టు-గవదబిళ్ళలు-రుబెల్లా 2, హెపటైటిస్ బి 3, హెపటైటిస్ ఎ 2, ఆటలమ్మ టీకా 2. ఏడో తరగతిలో మెనింజైటిస్ టీకా ఒకటి, ధనుర్వాతం-కోరింత దగ్గు బూస్టరు ఒకటి అదనం.

మన పిల్లల పని ఎక్కువగా ఆగిపోయేది మూడు చోట్ల. మొదటిది తట్టు టీకా. మన దగ్గర తొమ్మిదో నెలలో వేసే డోసు ఇక్కడ లెక్కలోకి రాదు, మొదటి డోసు మొదటి పుట్టినరోజు నాడో ఆ తర్వాతో పడాలి (నాలుగు రోజులు ముందైతే ఒప్పుకుంటారు). ప్రైవేటు డాక్టరు దగ్గర 9 నెలలకి, 15 నెలలకి, మళ్ళీ నాలుగైదేళ్ళకి వేయించినవాళ్ళకి ఇబ్బంది లేదు, చివరి రెండూ సరిపోతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలోనో అంగన్‌వాడీలోనో వేయించినవాళ్ళకి పడింది తట్టు-రుబెల్లా టీకా, అందులో గవదబిళ్ళలది లేదు. ఆటలమ్మ, హెపటైటిస్ ఎ టీకాలు మన ప్రభుత్వ పట్టికలోనే లేవు.

రెండోది పోలియో చుక్కలు. 2016 ఏప్రిల్ 1 తర్వాత వేసిన చుక్కల్ని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్కపెట్టదు. ఆ నెలలోనే ప్రపంచమంతా చుక్కల మందులోంచి రెండో రకం వైరస్‌ని తీసేశారు. పల్స్ పోలియో ఆదివారాలన్నీ గుర్తుపెట్టుకుని బూత్‌కి ఎత్తుకెళ్ళాం కదా, పిల్లాడి చిటికెన వేలికి సిరా గుర్తు కూడా వేశారు కదా అంటే ఇక్కడ కుదరదు. పూర్తి డోసు సూది రూపంలో ఎప్పుడు పడిందో తేదీలతో చూపించాలి.

మూడోది ఆటలమ్మ. పిల్లాడికి ఇప్పటికే ఆటలమ్మ పోసి ఉంటే టీకా అక్కర్లేదు. డాక్టరు కాగితమే కావాలని లేదు, ఫలానా నెలలో వచ్చిందని తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టి రాసిచ్చినా టెక్సాస్‌లో తీసుకుంటారు. ఈ సంగతి తెలియక అనవసరంగా రెండు సూదులు వేయించినవాళ్ళని చూశాను. తట్టు, రుబెల్లా, హెపటైటిస్‌లకైతే రోగనిరోధకత ఉన్నట్టు రక్తపరీక్ష రిపోర్టు చూపించినా చెల్లుతుంది.

అన్ని డోసులూ పూర్తికాలేదని పిల్లాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టక్కర్లేదు. కావలసిన ప్రతి టీకాలోనూ వయసుకి తగ్గట్టు కనీసం ఒక్క డోసు పడి ఉండి, మిగతావి గడువు ప్రకారం వేయిస్తుంటే తాత్కాలికంగా చేర్చుకుంటారు. నర్సు 30 రోజులకోసారి ఫైలు చూస్తుంది. హెపటైటిస్ ఎ రెండో డోసుకి ఆరు నెలలు ఆగాలి కాబట్టి ఆ తేదీ ఫోన్లో పెట్టుకోండి. తట్టు టీకా, ఆటలమ్మ టీకా రెండూ ఒకే రోజు వేయించాలి, లేదా మధ్య 28 రోజులు వదలాలి. వారం తేడాతో వేయిస్తే రెండోది చెల్లదు, మళ్ళీ వేయాలి. ఉద్యోగంలో ఇన్సూరెన్సు ఇంకా మొదలుకాకపోతే 'వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్' పథకం కింద 19 ఏళ్ళు నిండని పిల్లలకి టీకా ఉచితం. సూది వేసినందుకు మాత్రం కొంత రుసుము అడగొచ్చు. కౌంటీ ఆరోగ్య కేంద్రంలో ఈ పథకం పేరు చెప్పి అడగండి.

క్షయ పరీక్ష రాష్ట్రమంతటా తప్పనిసరి కాదు గానీ, కొన్ని చోట్ల ప్రశ్నపత్రం నింపమంటారు. పరీక్ష చేయించమని డాక్టరు రాసిస్తే చర్మం మీద చేసేది కాకుండా రక్తపరీక్ష చేయమని అడగండి. మన పిల్లలందరికీ పుట్టగానే క్షయ టీకా బీసీజీ పడుతుంది, దానివల్ల చర్మపరీక్షలో లేని క్షయ ఉన్నట్టు రావచ్చు.

నర్సులు ఇంత పట్టుదలగా ఉన్నారేమిటని విసుక్కునే ముందు ఒక సంగతి. 2025 జనవరిలో పశ్చిమ టెక్సాస్‌లోని గెయిన్స్ కౌంటీలో మొదలైన తట్టు ఆగస్టులో ముగిసిందని ప్రకటించేసరికి 762 మందికి సోకింది. బడి వయసు పిల్లలు ఇద్దరు చనిపోయారు.

మందుల ఫారం

సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో స్ట్రిప్పు పిల్లాడి బ్యాగులో పెట్టి పంపకండి. స్కూల్లో ఏ మందు వేయాలన్నా తల్లిదండ్రుల లిఖితపూర్వక కోరిక, లేబులున్న అసలు సీసా రెండూ ఉండాలి. మందు పెద్దవాళ్ళే నర్సు చేతికివ్వడం మంచిది, చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఆ ప్రాంతం పబ్లిక్ బడులన్నీ నడిపే సంస్థ) అదే నియమం. ఇతర దేశాల్లో కొన్న మందులు స్కూల్లో వెయ్యరని కూడా చాలా చోట్ల రాసి ఉంటుంది. ఫారంలో పేర్లు కూడా మారతాయి. మన పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్, ఆస్థాలిన్‌లో ఉండే సాల్‌బ్యుటమాల్ ఇక్కడ ఆల్‌బ్యుటెరాల్. ఉబ్బసం ఉన్న పిల్లలకి ఇన్‌హేలరు సొంతంగా దగ్గర పెట్టుకునే హక్కు టెక్సాస్ చట్టంలో ఉంది. దానికి ఇక్కడి డాక్టరు మందు పేరు, ఎంత, ఎప్పుడు, ఎందుకు అన్నది రాసి సంతకం చేయాలి, మీరూ ఒప్పుకోలు ఇవ్వాలి. సాధారణంగా ఏటా కొత్తది ఇవ్వాలి. ఆ కాగితం కోసం బడి తెరిచే ముందు డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకోండి, ఆగస్టులో దొరకవు.

అలర్జీ ఫారం చేరేటప్పుడే ఇస్తారు. పిల్లాడు గుడ్డు తినకూడదని కొందరు అలర్జీ గడిలో గుడ్డు అని రాసేస్తారు. అలా చేయకండి. నర్సు వెంటనే డాక్టరు లెటరు, అత్యవసర సూది అడుగుతుంది. శాకాహారం సంగతి క్యాంటీనువాళ్ళకి విడిగా చెబితే చాలు. పల్లీల అలర్జీ నిజంగా ఉంటే మాత్రం వివరంగా రాయండి, ఏ కూరలో తిన్నప్పుడు ఏమైందో సహా.

జ్వరం, సెలవు

జ్వరం 100 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంటికి పంపేస్తారు. జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉంటేనే మళ్ళీ రానిస్తారు. పొద్దున్నే మందు వేసి పంపితే పదకొండుకి ఫోను వస్తుంది, అప్పుడు ఆఫీసు మీటింగు వదిలి పరుగెత్తాలి. విరేచనాలకీ 24 గంటల లెక్కే. పిల్లాడు రాడని ఆ రోజే స్కూలు పోర్టల్లోనో ఫోన్లోనో చెప్పి, తిరిగి వచ్చాక రాతపూర్వకంగా కారణం ఇవ్వాలి. ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఎన్ని రోజులు దాటితే డాక్టరు నోటు కావాలి అన్నది డిస్ట్రిక్టుని బట్టి మారుతుంది. డాక్టరు అపాయింట్‌మెంటుకి వెళ్ళి అదే రోజు స్కూలుకొచ్చి నోటు ఇస్తే హాజరు పడుతుంది.

కారణం చెప్పకుండా నాలుగు వారాల్లో మూడు రోజులు మానేస్తే హెచ్చరిక వస్తుంది. ఆరు నెలల్లో పది రోజులైతే కోర్టు దాకా వెళ్ళొచ్చు. తరగతి నడిచిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ (ఆ తరగతి పూర్తిచేసినట్టు లెక్క) ఆగుతుంది. సంక్రాంతికి ఊరెళ్ళి జనవరి నెలాఖరుకి వచ్చే అలవాటు ఉన్నవాళ్ళు ముందే ప్రిన్సిపాల్‌తో మాట్లాడుకోండి, ప్రయాణాన్ని సాధారణంగా కారణంగా ఒప్పుకోరు.

ఆపరేషన్ వల్లో పెద్ద జబ్బు వల్లో కనీసం నాలుగు వారాలు ఇంట్లోనే ఉండాల్సి వస్తే టీచరు ఇంటికే వచ్చి చెప్పే ఏర్పాటు ఉంది, దాన్ని 'హోంబౌండ్' అంటారు. ఆ నాలుగు వారాలు వరసగా ఉండక్కర్లేదు, విడివిడిగా కలిపినా సరే. అమెరికాలో లైసెన్సున్న డాక్టరే రాయాలి, ఇండియాలో ఆపరేషన్ చేసిన డాక్టరు సర్టిఫికెట్ పనికిరాదు. సెలవుల్లో వెళ్ళి అక్కడ చేయించుకొచ్చేవాళ్ళు దిగగానే ఇక్కడి డాక్టరుకి ఆ రిపోర్టులు చూపించి ఫారం రాయించుకోవాలి.