సముద్రపు పంజరాల కింద నేలను చదవాలంటే

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల బీజెడ్‌సీ (వృక్ష, జంతు, రసాయన శాస్త్రాల డిగ్రీ), ఆక్వాకల్చర్ చదివే పిల్లలకు రొయ్యల చెరువు కొత్త కాదు. అమ్మోనియా, ఏరేటర్లు, మేత లెక్కలు చాలామందికి ఇంట్లో వినబడే మాటలే. సముద్రంలో వల పంజరాలు వేసి చేపలు పెంచితే అడుగున నేలకు ఏమవుతుందో కనిపెట్టే పనిని మాత్రం మన దగ్గర తక్కువ మందే ఎంచుకుంటున్నారు. దేశంలో తొలి సముద్ర పంజరాన్ని 2007లో విశాఖ తీరంలో దింపింది సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ). 2023లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని సవరించి పంజరాల సాగును, సముద్రపు నాచు సాగును కూడా ఆ చట్టం కిందికి తెచ్చారు. పంజరాలు పెరిగేకొద్దీ నేలను పరీక్షించి నిజం చెప్పగలిగినవాళ్ల అవసరమూ పెరుగుతుంది.

ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది పంజరం దించక ముందు తీసిన శాంపిల్. అది లేకపోతే ఆ తర్వాత ఎంత ఖరీదైన పరికరం తెచ్చినా "ఇది పంజరం వల్లే" అనడానికీ, "కాదు" అనడానికీ ఆధారం ఉండదు. స్థలం ఖరారవుతోందని తెలియగానే కనీసం రెండు రుతువుల లెక్క తీసి పెట్టుకోండి: నదీ వరద వచ్చే నెలల్లో ఒకసారి, ఎండాకాలానికి ముందు ఒకసారి.

చదువు సంగతి

బైపీసీ వాళ్లు ఈఏపీసెట్‌తో బీఎఫ్‌ఎస్సీకి (మత్స్య శాస్త్ర డిగ్రీకి) వెళ్లవచ్చు. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. బీజెడ్‌సీ చేసినవాళ్లకు దగ్గర్లో నాగార్జున విశ్వవిద్యాలయం, సముద్రానికి దగ్గరగా ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉన్నాయి. బీఎఫ్‌ఎస్సీ తర్వాత ముంబయి సీఐఎఫ్‌ఈ (కేంద్ర మత్స్య విద్యా సంస్థ) మంచి చోటు. పరిశోధన ఫెలోషిప్‌కు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో లైఫ్ సైన్సెస్ రాయాలి. సీఎంఎఫ్‌ఆర్‌ఐకి, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో కేంద్రాలున్నాయి. సముద్ర సమాచారం, సూచనలు ఇచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ చెన్నైలో ఉన్నాయి. వీటిలో వచ్చే ప్రాజెక్టు ఉద్యోగాల ప్రకటనలు వాటి వెబ్‌సైట్లలో చూస్తుండండి.

డిగ్రీకి తోడు మూడు విద్యలు కావాలి: ఈత, ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గణాంకాలు, పాలీకీట్ పురుగులను (సముద్రపు నేలలో బతుకుతూ దాని ఆరోగ్యాన్ని పట్టిచ్చే కణుపుల పురుగులు) మైక్రోస్కోపు కింద గుర్తుపట్టడం. మూడోది వచ్చినవాళ్లు దొరకడం కష్టం. అది చేతికి రావడానికి కాలం పడుతుంది కాబట్టి ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టండి.

కాగితం మీద ముందు వేయాల్సిన లెక్క

బోటు ఎక్కేముందు, ఆ పంజరం నుంచి ఎంత వ్యర్థం రాబోతోందో చూసుకోండి. మన తీరంలో ఎక్కువగా వాడేది 6 మీటర్ల వ్యాసం ఉన్న హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పంజరం. వల 4 మీటర్ల లోతు ఉంటే లోపల సుమారు 113 ఘనపు మీటర్ల నీరు. అందులో 2 టన్నుల పండుగప్ప తీయాలనుకుందాం. కిలో చేపకు 2 కిలోల చొప్పున 4 టన్నుల గుళికల మేత పడుతుంది. మేతలో 40 శాతం ప్రొటీన్ ఉంటే 1,600 కిలోల ప్రొటీన్. అందులో 16 శాతం నత్రజని, అంటే 256 కిలోలు. చేప ఒంట్లో నిలిచేది దాని బరువులో 3 శాతం లెక్కన 60 కిలోలు. మిగతా 196 కిలోలు సముద్రంలోకే పోతాయి. అందులో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీళ్లలో కలిసిపోతుంది. తినకుండా వదిలిన మేత, మలం అడుక్కి దిగుతాయి. గుళికలకు బదులు చిల్లర చేపలు వేస్తే కిలో చేపకు మేత 5 కిలోలు దాటుతుంది, అడుగున భారం కూడా ఆ మేరకు పెరుగుతుంది.

ఆ వ్యర్థం ఎక్కడ పడుతుందో చెప్పే సూత్రం చిన్నది: వల అడుగు నుంచి నేల వరకు ఉన్న లోతును ప్రవాహ వేగంతో గుణించి, పదార్థం దిగే వేగంతో భాగించాలి. లోతు 6 మీటర్లు, ప్రవాహం సెకనుకు 10 సెంటీమీటర్లు అనుకుంటే, సెకనుకు 3 సెంటీమీటర్ల చొప్పున దిగే మలం 20 మీటర్ల దూరంలో పడుతుంది. 10 సెంటీమీటర్ల చొప్పున దిగే గుళిక 6 మీటర్లలోనే. ప్రవాహం రెట్టింపైతే దూరమూ రెట్టింపు. స్టేషన్లు, అంటే శాంపిల్ తీసే చోట్లు, ఎక్కడ పెట్టాలో ఈ లెక్కే చెబుతుంది.

స్టేషన్లు

పంజరం అంచు కింద ఒకటి, ప్రవాహం పోయే దిక్కున 25, 50, 100 మీటర్ల దగ్గర ఒక్కొక్కటి. వీటికి తోడు పంజరానికి అర కిలోమీటరు నుంచి కిలోమీటరు దూరంలో కనీసం రెండు రిఫరెన్సు స్టేషన్లు, అంటే పంజరం ప్రభావం లేని, పోలికకు పనికొచ్చే చోట్లు. ఒకటే పెడితే, దానికి ఏదైనా అయినప్పుడు పోల్చుకోడానికి ఏమీ మిగలదు.

రిఫరెన్సు దగ్గర లోతు, నేల రకం పంజరం చోటును పోలి ఉండాలి. సూర్యలంక వైపు ఇసుక, నిజాంపట్నం వైపు బురద. ఇసుక నేలను బురద నేలతో పోలిస్తే లెక్కంతా తప్పుతుంది. కృష్ణ వరద నీరు కూడా రెండు చోట్లకూ ఒకే తీరున చేరాలి. జులై నుంచి అక్టోబరు వరకు ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన నీటి లెక్కను శాంప్లింగ్ పుస్తకంలో తేదీల వారీగా రాసి పెట్టుకోండి. ఒండ్రు దిగి పురుగులు తగ్గిపోతే ఆ నేరం పంజరం మీద పడకూడదు.

మన తీరంలో ప్రవాహం దిక్కు రుతువుతో మారుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి. అందుకే 25, 50 మీటర్ల స్టేషన్లను రెండు వైపులా పెట్టడం మేలు.

గ్రాబ్, జల్లెడ

నేల తీయడానికి వాన్ వీన్ గ్రాబ్ వాడతారు, రెండు దవడలతో అడుగు మట్టిని పట్టి పైకి తెచ్చే పరికరం అది. 0.1 చదరపు మీటరుది నిండా బురదతో వస్తే చేత్తో లాగడం కష్టం, వించి కావాలి. ఫైబర్ బోటుకు 0.05 చదరపు మీటరుది చాలు. అందులో దొరికిన పురుగుల లెక్కను 20తో గుణిస్తే చదరపు మీటరుకు వస్తుంది. కొనడం భారమైతే విజయవాడ ఆటోనగర్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్‌తో చేయించుకోవచ్చు. చేయించేటప్పుడు రెండు విషయాలు గట్టిగా చెప్పండి. పై మూతలు రేకువి కాకుండా జాలీవి కావాలి. రేకు మూత ఉంటే గ్రాబ్ దిగుతున్నప్పుడు ముందుకు తోసుకొచ్చే నీరు నేల మీది పల్చటి పొరను ఊదేస్తుంది, మనకు అన్నిటికన్నా కావాల్సిన పొర అదే. రెండోది, ఇసుకలో దిగాలంటే బరువు చాలదు కాబట్టి అదనపు ఇనుప బిళ్లలు బిగించే ఏర్పాటు ఉండాలి.

జల్లెడ 0.5 మిల్లీమీటరు కన్నుది. మొదటిసారి 0.5, తర్వాత 1 మిల్లీమీటరు వాడితే ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టడానికి పనికిరావు.

బోటు మీద

అష్టమి దగ్గరి రోజుల్లో పోటు పాట్ల వేగం తక్కువ, పని సులువు. అయితే ప్రతిసారీ అదే తిథికి దగ్గరగా తీయాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో తీయాల్సి వస్తే మత్స్యశాఖ అనుమతి ముందే తీసుకోండి. బయల్దేరే ముందురోజు సాయంత్రం ఇన్‌కాయిస్ అలల సూచన చూసుకోవడం తప్పనిసరి.

సరంగుతో ముందే మాట్లాడి, లంగరు పంజరం తాళ్లకు తగలకుండా వేయించండి. గ్రాబ్‌ను చివరి రెండు మూడు మీటర్లు మెల్లగా దించాలి. ధబాలున వదిలితే నీళ్ల మధ్యలోనే మూసుకుంటుంది. పైకి వచ్చాక మూతలు తీసి చూడండి. దవడల మధ్య గవ్వ ఇరుక్కుని బురద జారిపోయినా, మట్టి 5 సెంటీమీటర్ల కన్నా తక్కువ లోతున్నా పారేసి మళ్లీ తీయాలి.

మంచి శాంపిల్‌ను కాసేపు నిదానంగా చూడాలి. ఆరోగ్యంగా ఉన్న బురదకు పైన కొన్ని మిల్లీమీటర్ల లేత గోధుమరంగు పొర, కింద బూడిదరంగు. వ్యర్థం పేరుకున్న చోట నలుపు పైదాకా వచ్చేస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది, దాని మీద దూదిపోగుల్లా తెల్లటి బ్యాక్టీరియా పరుచుకుంటుంది. ఈ రంగు, వాసన వెంటనే పుస్తకంలో రాయండి, ఫోటో తీయండి. రెడాక్స్ ఎలక్ట్రోడు (మట్టిలో ఆక్సిజన్ స్థితిని అంకెలో చూపే కడ్డీ) కూడా అప్పుడే గుచ్చాలి. గాలి తగిలాక వచ్చే అంకెను నమ్మలేం.

ప్రతి స్టేషన్‌లో పురుగుల కోసం మూడు గ్రాబ్‌లు, రసాయన పరీక్షకు విడిగా ఒకటి తీయాలి. రసాయన పరీక్షకు పై 2 సెంటీమీటర్లు మాత్రమే తీసి ఐసులో పెట్టండి.

జల్లించేటప్పుడు సముద్రపు నీరే వాడాలి, అదీ మెల్లగా. గట్టిగా పైపు పెట్టి కొడితే పురుగులు తెగిపోతాయి. లెక్కించేది తలలనే కాబట్టి తల పోతే ఆ జీవి లెక్కలోంచి పోయినట్టే. జల్లెడలో మిగిలినదాన్ని 7 శాతం మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో పది పదిహేను నిమిషాలు ఉంచితే పురుగులు ముడుచుకోకుండా మత్తులోకి పోతాయి. ఆ తర్వాత ఒక వంతు ఫార్మలిన్‌కు తొమ్మిది వంతుల సముద్రపు నీరు కలిపి పోయండి. బోరాక్స్ కొంచెం వేయడం మరిస్తే ఆమ్లానికి చిన్న గవ్వలు కరిగిపోతాయి. రోజ్ బెంగాల్ రంగు చిటికెడు వేస్తే జీవులు గులాబీరంగులో తేలిగ్గా కనబడతాయి. డబ్బాలో సగానికి మించి మట్టి నింపకండి. లేబుల్ పెన్సిల్‌తో ట్రేసింగ్ పేపరు మీద రాసి డబ్బా లోపల ఒకటి, బయట ఒకటి. ఫార్మలిన్ పని గ్లౌజులు వేసుకుని, గాలికి ఎదురు నిలబడకుండా చేయాలి. ఆ డబ్బాలను ఏసీ బస్సులోనో మూసిన కారులోనో తేకూడదు.

నీటి శాంపిల్‌లో ఆక్సిజన్‌ను బోటు మీదే స్థిరపరచాలి. సీసాలో బుడగ లేకుండా నింపి, వింక్లర్ ద్రావణాలు (ఆక్సిజన్‌ను పట్టి ఉంచే రసాయనాలు) రెండూ ఒక్కో మిల్లీలీటరు వేసి మూత పెట్టండి. గోధుమరంగు అవక్షేపం వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే దాదాపు లేనట్టు. ఉపరితలం నుంచి మాత్రమే తీసి ఊరుకోకండి, నేలకు మీటరు ఎత్తు నుంచి తీసిన నీరే అసలు సంగతి చెబుతుంది.

ల్యాబ్‌లో

సేంద్రియ కార్బన్‌కు వాక్లీ-బ్లాక్ పద్ధతి మన కాలేజీల్లో అందరికీ తెలిసిందే. అది పొలం మట్టికి రాసిన పద్ధతి. సముద్రపు బురదలోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ను వాడేసుకుని కార్బన్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. అందుకే ఆమ్లంలో సిల్వర్ సల్ఫేట్ కలపాలి, లేదా మట్టిని ముందే కడిగి ఉప్పు తీసేయాలి.

పురుగులను కుటుంబం వరకైనా విడదీసి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చండి. పంజరం కింద కాపిటెల్లా అనే సన్నటి ఎర్రపురుగు ఒక్కటే వందల్లో ఉండి మిగతా జాతులు మాయమైతే అక్కడ సేంద్రియ భారం మితిమీరిందని అర్థం. అయితే కృష్ణ ముఖద్వారం దగ్గరి బురదలో సహజంగానే సేంద్రియ పదార్థం ఎక్కువ. రిఫరెన్సు స్టేషన్లలోనూ, పంజరం వేయక ముందు తీసిన శాంపిళ్లలోనూ అదే పురుగు అంతే ఉంటే, పంజరాన్ని తప్పుపట్టకండి. పంజరాల మీద వ్యతిరేకత ఉన్నా, అభిమానం ఉన్నా ఈ చోట చేయి వణకకూడదు.

నేలతో పాటు పైన జరిగేది కూడా రాసుకోవాలి. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లకు తీరానికి వస్తాయి. వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1 రక్షణ ఉన్న జీవి అది. బయటి వల వదులుగా వేలాడితే చిక్కుకుంటుంది. ప్రతి సందర్శనలో వల బిగువు, చిరుగులు, చిక్కుకున్న జీవులు నమోదు చేయండి.

రైతుకు ఫలితం చెప్పేటప్పుడు సూచీల పేర్లు వద్దు, ఫోటోలూ చేయాల్సిన పనులూ చెప్పండి. 25 మీటర్ల దగ్గర మాత్రమే తేడా ఉంటే మేత తగ్గించి, చేపలు తింటున్నంతసేపే గుళికలు వేయమనాలి. 50 మీటర్లు దాటి నలుపు కనబడితే పంట తీశాక అక్కడ కొత్త పిల్లలు వేయకుండా ఆపించండి. మూడు నెలలకోసారి అవే స్టేషన్లలో, అదే గ్రాబ్‌తో, అదే జల్లెడతో తీస్తూ, పురుగుల జాతులు రిఫరెన్సు స్థాయికి వచ్చేదాకా ఆ చోటును ఖాళీగా ఉంచాలి.