నీళ్ళలో పడిన నగ: చోటు పట్టడం, పైకి తీయడం

ఉంగరమో కమ్మో నీళ్ళలో జారిపోగానే నలుగురూ దిగి కాళ్ళతో తడమడం మొదలుపెడతారు. దయచేసి అది ఆపండి. 22 క్యారెట్ల బంగారం నీటికన్నా పదిహేడు రెట్లకు పైగా బరువు. ఇసక కదిలిన ప్రతిసారీ అది ఇంకొంచెం కిందికి దిగుతుంది. పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నచోటే నిలబడి గట్టు వైపు చూడాలి. ఒకదాని వెనక ఒకటి వరసలో కనిపించే రెండు వస్తువులు, కరెంటు స్తంభం, దాని వెనక తాటిచెట్టు లాంటివి గుర్తు పెట్టుకోవాలి. పక్కవైపు ఇంకో జత చూసుకోవాలి. ఒక్కో జత మీదుగా మన వైపు ఒక గీత గీసినట్టు అనుకుంటే, ఆ రెండు గీతలు కలిసేచోటే మనం వెతకాల్సింది. గట్టుమీద ఉన్నవాళ్ళు ఫోన్‌లో ఫొటో తీస్తే ఇంకా మేలు.

నేను తిరుపతిలో మోటార్లకు వైండింగ్ చేస్తాను. రోజంతా రాగి తీగతోనే పని కాబట్టి, లోహం తగిలితే మోగే మెటల్ డిటెక్టర్ మిషన్ కాయిల్ (కింద ఊపే తీగచుట్ట) సంగతి నాకు తొందరగానే పట్టుబడింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి నగ నీళ్ళలో పోయినా కబురు పెడతారు. మిషన్ మోగితే చాలు, నగ దొరికినట్టే అని జనం అనుకుంటారు. నిజానికి మోత వినబడిన చోటికీ నగ ఉన్న చోటికీ జానెడు తేడా ఉంటుంది. పొడినేల మీద ఆ జానెడు లెక్కలోది కాదు, గుంత కాస్త పెద్దది చేస్తే సరిపోతుంది. నీళ్ళలో గుంత నిలవదు, కన్ను పనిచేయదు. అందుకే తవ్వడం కన్నా చోటు తేల్చుకోవడానికే ఎక్కువ సమయం ఇవ్వమంటాను.

మిషన్ గురించి కొంచెం. ఏటి నీళ్ళకూ చెరువులకూ కాయిల్ మాత్రమే కాకుండా కంట్రోల్ బాక్స్ కూడా నీళ్ళకు తట్టుకునే మామూలు వీఎల్‌ఎఫ్ (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ మీద నడిచే) రకం సరిపోతుంది. తూపిలిపాళెం బీచ్‌కి పోతే కథ వేరు. ఉప్పునీరే కరెంటును మోస్తుంది కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్ ఊరికే గోల పెడుతుంది. అక్కడ మల్టీ ఫ్రీక్వెన్సీదో, కరెంటును ఆగి ఆగి పంపే పల్స్ ఇండక్షన్‌దో కావాలి. ఇంకో సంగతి, చెత్త మోగకూడదని డిస్క్రిమినేషన్ (కొన్ని లోహాలను మోగకుండా ఆపే సెట్టింగ్) ఎక్కువ పెట్టకండి. సన్నటి బంగారు ఉంగరం ఇచ్చే సిగ్నలూ అల్యూమినియం రేకు ముక్క ఇచ్చే సిగ్నలూ పక్కపక్కనే ఉంటాయి. రేకును వద్దంటే ఉంగరాన్నీ వద్దన్నట్టే. గొలుసైతే ఇంకా కష్టం. కాయిల్‌కి గొలుసంతా ఒకటిగా కాక విడివిడి చిన్న కడియాల్లా కనిపిస్తుంది. తాళి పోయినప్పుడు సరుడు కన్నా బొట్టుబిళ్ళలూ కొక్కేలే ముందు మోగుతాయి, ఆ చిన్న మోతను వదలకండి.

ఇక చోటు పట్టడం. ఏట్లో ఎప్పుడూ ప్రవాహానికి ఎదురు నడుస్తూ వెతకాలి, కాళ్ళ కింద లేచిన బురద వెనక్కి పోతుంది. మోత రాగానే ఆగి, కాయిల్ ఊపును తగ్గించుకుంటూ రండి. ఎక్కడ గట్టిగా మోగుతుందో ఆ గీతను మనసులో పెట్టుకోండి. తర్వాత మీరు పావు చుట్టు తిరిగి నిలబడి, అదే చోట ఇప్పుడు అడ్డంగా ఊపండి. రెండు గీతలూ కోసుకునేచోట నగ ఉంటుంది. డీడీ కాయిల్ (లోపల డీ అక్షరం ఆకారంలో రెండు తీగచుట్లు ఉండేది) అయితే ఇంకో పద్ధతి కూడా ఉంది. చిన్నగా ఊపుతూ కాయిల్‌ని మీ వైపు లాక్కోండి. మోత తెగిపోయిన క్షణాన నగ కాయిల్ ముందు అంచుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. నేను రెండూ చేస్తాను. రెండూ ఒకేచోటు చూపించనిదే తవ్వి తీసే స్కూప్ ముట్టుకోను.

తొండవాడకు దిగువన స్వర్ణముఖిలో ఒక పెద్దమ్మ కమ్మ పోయింది. మోకాలి లోతు నీళ్ళు. మొదటిసారి మోగగానే ఆమె కొడుకు "అన్నా, అక్కడే, తవ్వేయన్నా" అని తొందర పెట్టాడు. "ఆగు తమ్ముడూ, అడ్డంగా కూడా చూడనీ" అన్నాను. అడ్డంగా చూస్తే మోత జానెడు పక్కకు, ఒక గుండురాయి మొదట్లోకి జరిగింది. మొదటి చోటే తవ్వి ఉంటే ఇసక జారి కమ్మ రాయి కిందికి పోయేది. జల్లెడలో నల్ల గులకల మధ్య అది మర పైకి ఉండేట్టు బోర్లా పడి కనిపించింది. కమ్మ రాళ్ళ సందుల్లో ఇసక ఇరుక్కుని ఉంది, మర మాత్రం ఊడలేదు. ఆ పెద్దమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. నేను ఈ పని చేసేది దానికోసమే.

తీయడానికి కావాల్సింది చిల్లుల ఇనుప స్కూప్, పొడుగు కర్రతో. నీళ్ళలో కాయిల్ కనబడదు కాబట్టి కాలితో గుర్తు పెట్టుకోవాలి. కాయిల్ నడిమధ్యను చోటు మీద ఆనించి, వెనక అంచుకు మీ కాలి బొటనవేలు తగిలించండి. ఇప్పుడు కాయిల్ తీసేసినా లెక్క మీ దగ్గరే ఉంటుంది. 28 సెంటీమీటర్ల కాయిల్ అయితే నగ మీ బొటనవేలికి 14 సెంటీమీటర్ల ముందుంది. స్కూప్ అంచును నేరుగా నగ మీద దింపకండి, ఉంగరం వంగిపోతుంది. నాలుగువేళ్ళ వెడల్పు మీ వైపు వదిలి, నిలువుగా గుచ్చి, కాలితో అదిమి, కర్రను వెనక్కి వంచితే నగ కింద నుంచి లేస్తుంది.

వెంటనే స్కూప్ లోపలికి చూడాలనిపిస్తుంది. ముందు గుంత మీద కాయిల్ తిప్పండి. మోత లేకపోతే నగ స్కూప్‌లో ఉంది. పక్కకు జరిగి మోగుతుంటే జారింది, మళ్ళీ అడ్డం, నిలువు చూడాలి. స్కూప్‌ని నీళ్ళ మట్టానికి కాస్త కిందే ఉంచి ఆడించి ఇసక పోనివ్వండి, పైకెత్తి దులిపితే ముక్కుపుడక లాంటివి ఎగిరిపోతాయి. మిగిలింది తేలే జల్లెడలో పోయాలి. లారీ ట్యూబు మధ్యలో ఇనుప జల్లెడ కట్టి, తాడుతో నడుముకు తగిలించుకుంటే చాలు. జల్లెడ కన్ను ముక్కుపుడక సీల కన్నా చిన్నదిగా ఉండాలి. చెరువు ఒండ్రు అయితే జారదు, ముద్దగా వస్తుంది. ఆ ముద్దను పారేయకుండా పిన్‌పాయింటర్ (చేత్తో పట్టుకునే చిన్న డిటెక్టర్) పెట్టి చూసి, చేత్తో విరగ్గొట్టండి. రాతి సందుల్లో స్కూప్ పనికిరాదు, పెద్ద సిరంజితో ఇసక పీల్చి తీయాలి.

వినాయక నిమజ్జనం జరిగే చెరువుల్లో ఓపిక ఎక్కువ కావాలి. విగ్రహాల లోపలి ఇనుప చువ్వలు, కట్టుడు తీగ, మేకులు అడుగంతా ఉంటాయి. పొడవాటి మేకు మీద డీడీ కాయిల్ రెండుసార్లు మోగుతుంది, మీరు తిరిగి నిలబడితే మోత చోటు మారుతుంది. ఉంగరం మోత ఎటు నుంచి చూసినా ఒకేచోట ఉంటుంది. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణేలు అయస్కాంతానికి అంటుకునే స్టీలువి, అవి ఇనుములాగే మోగితే ఆశ్చర్యపోకండి.

కపిలతీర్థంలో గానీ మరే కోనేట్లో గానీ భక్తులు వేసిన నాణేలు దేవుడికి ఇచ్చినవి, వాటి జోలికి పోవద్దు. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది, అటవీశాఖ అనుమతి లేకుండా మిషన్ తీసుకుపోకండి. నేలలో దాగిన పాత సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలని 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం చెబుతోంది.

ఒంటరిగా మాత్రం దిగకండి. చెరువుల్లో మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు నీళ్ళు నిండాక కనబడవు, నడుం లోతులో నడుస్తుండగానే నిలువు లోతు వస్తుంది. ముందు కర్రతో పొడిచి చూసి అడుగు వేయండి, నడుముకు తాడు, గట్టు మీద పట్టుకునే మనిషి ఉండాలి. తిరుపతిలో వరదలు తెచ్చిన 2021 నవంబర్ లాంటి వానలొచ్చి ఏరు ఉరకలేస్తున్నప్పుడు ఎంత ఖరీదు నగైనా వదిలేయాలి.

చీకటి పడేలోపు దొరక్కపోతే, వెతికిన మేర నాలుగు మూలలా రాయికి తాడు కట్టి, తాడు కొసన ఖాళీ నీళ్ళ బాటిల్ తేలేట్టు వదిలి రండి. గట్టు గుర్తులు కాగితం మీద రాసి నగవాళ్ళకూ ఒకటి ఇవ్వండి. చిన్న చెరువైతే ఎండాకాలంలో నీళ్ళు అడుక్కి పోతాయి, అప్పుడు అదే చోట పొడినేల మీద కాయిల్ తిప్పవచ్చు.