కారే పాత కారుకి ఆయిల్ చూసుకోవడం

సాలూరు దాటి సుంకి ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లే పాత కారుకి ఆయిల్ తగ్గితే ఎక్కుడులోనే తెలుస్తుంది. మలుపు తిరిగినప్పుడు చాంబర్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ ఒక పక్కకి జరిగిపోతుంది, పంపు గాలి పీలుస్తుంది, డాష్‌బోర్డు మీద ఆయిల్ ఎర్ర లైటు మిణుకుమంటుంది. అప్పుడిక ఒక్క ఫర్లాంగు కూడా నడపకండి. బేరింగులు పోతాయి.

కారే బండికి వారానికోసారి, ఘాట్ ఎక్కేముందు తప్పకుండా చూడండి. చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి పది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా దించి మళ్లీ తీయండి. మొదటిసారి కనబడిన గుర్తుని నమ్మొద్దు, అది గొట్టం గోడలకి అంటిన ఆయిల్. చాలా కార్లలో డిప్‌స్టిక్ మీది కింది, పై గీతల మధ్య తేడా సుమారు ఒక లీటరు. ఒకేసారి 200 మిల్లీలీటర్లు పోసి, అయిదు నిమిషాలాగి మళ్లీ చూడండి. పై గీత దాటనివ్వొద్దు: క్రాంక్ (ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు) చిలికి నురగ చేస్తుంది, ఆయిల్ బయటికి రాకుండా ఆపే సీళ్లూ తన్నుకుపోతాయి. ఏ గ్రేడు పోయాలో మాన్యువల్ చెబుతుంది.

రాత్రి బండి కింద అట్టముక్క పరవండి. పొద్దున్న మరక ఇంజిన్ ముందువైపుంటే క్రాంక్ ముందు సీల్, గేర్‌బాక్స్ కలిసే చోటైతే వెనక సీల్. అయితే ఆయిల్ పైనుంచి జారొస్తుంది కాబట్టి ముందు ఇంజిన్ పైన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగ్ తడిమి చూడండి, అది చవకలో పోయే పని. చాంబర్ అడుగున ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్టు కారితే వాషర్ మార్చండి, బలంగా బిగిస్తే మరలు పోతాయి.

మరక లేకుండా ఆయిల్ తగ్గుతూ, నీలం పొగొస్తే ఇంజిన్ ఆయిల్ కాలుస్తోంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిశాయి, స్టార్ట్ చెయ్యకుండా మెకానిక్‌ని పిలవండి.